ఏసీ ఏదైనా కొనండి, ఎంసీబీ నంబరు మాత్రం పెంచకండి

మొన్న మా వీధి చివరి అపార్ట్‌మెంట్‌లో ఒక బెడ్‌రూమ్ కాలిపోయింది. మనుషులు బయటపడ్డారు. ఏసీ పేలిందని అందరూ అన్నారు గానీ ఏసీకి ఏమీ కాలేదు, మంట పుట్టింది గోడలో వైరు నుంచి.

ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఏసీ తగిలించొద్దని ఈపాటికి అందరికీ తెలుసు. కొంపలు ముంచేది ఇంకొకటి. ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడి లైను ఆపేసే స్విచ్చు, ఊరికే పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32 వేయించేస్తారు. మెకానిక్ కూడా "ఇక పడదు సార్" అని వేసి వెళ్లిపోతాడు. నిజమే, పడదు. వైరు కరుగుతున్నా పడదు! ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలో ఉన్న వైరుని. రెండున్నర ఎంఎం వైరు పైపులో ఉండి మోసేది సుమారు 20 ఆంపియర్లు. టన్నున్నర ఏసీ తీసుకునేది ఏడెనిమిది. అలాంటప్పుడు 16 ఎంసీబీ పడుతోందంటే చాలావరకు అదే లైన్లో గీజరైనా ఉండాలి, కనెక్షనైనా లూజై ఉండాలి, కంప్రెసరైనా పాడై ఉండాలి. అదేంటో వెతికించండి.

విండో ఏసీ: చవక. గ్యాస్ ఫ్యాక్టరీలోనే సీల్ అయి వస్తుంది, లీకులు తక్కువ. ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ నడిపే ఏర్పాటు) లేని మోడళ్లు స్టార్ట్ అయ్యే క్షణంలో చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతాయి, అందుకే బి-టైప్ ఎంసీబీ పడిపోతుంది. మందు అదే ఆంపియర్లలో, ఆ క్షణపు లాగుడుని ఓర్చుకునే సి-టైప్. 32 కాదు.

ఇన్వర్టర్ స్ప్లిట్: మెల్లగా స్టార్ట్ అవుతుంది, ఎంసీబీని కదపదు. ఆ ధీమాతోనే పాత లైట్ల లైనుకి కలిపేస్తారు. ఏప్రిల్ మధ్యాహ్నం అది గంటల తరబడి ఫుల్ లోడ్ మీదే నడుస్తుంది. విడిగా నాలుగు ఎంఎం రాగి లైను లాగించండి.

పోర్టబుల్: అద్దె ఇళ్లవాళ్లకి ముచ్చట. నా లెక్కలో మన విశాఖకి దండగ. గొట్టంలోంచి గదిలో గాలిని బయటికి తోస్తుంటే, తలుపు సందుల్లోంచి సముద్రపు ఉక్క లోపలికొస్తుంది. గది చల్లబడదు, కంప్రెసర్ ఆగదు, ప్లగ్గు కాలుతూనే ఉంటుంది. కొనేశారా, 16 ఆంపియర్ల సాకెట్టే వాడండి.

ఇక మిగతావి.

లాసన్స్ బే, రుషికొండ వైపు ఉంటే అవుట్‌డోర్ స్టాండు, బోల్టులు ఇప్పుడే చూసుకోండి. ఉప్పు గాలికి తుప్పు లోపల్నుంచి తినేస్తుంది, పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతుంది. కింద మనుషులు నడుస్తారు.

ఎర్తింగ్ టెస్ట్ చేయించండి.

ఏటా గ్యాస్ పట్టించడం ఆపండి. గ్యాస్ పెట్రోలులా అయిపోదు, లీకుంటేనే తగ్గుతుంది. ముందు లీకు.

లీకు టెస్టుకి నైట్రోజన్ మాత్రమే. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే మెకానిక్‌ని గుమ్మంలోంచే పంపేయండి. ఆక్సిజన్, కంప్రెసర్ ఆయిలు కలిస్తే పేలుతుంది.

ఏసీల్లో పోసే గ్యాసుల్లో ఆర్-32కి నిప్పంటుకోగలదు, ఆర్-290 అయితే అచ్చంగా ప్రొపేనే, మండే గ్యాసే. రిపేరు నడుస్తుంటే కిటికీలు తెరవండి, బీడీ, సిగరెట్ వద్దు.

ఒక గ్యాస్ మెషీన్‌లో ఇంకో గ్యాస్ పోయనివ్వొద్దు.

ప్లగ్గు పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్టు మార్చేదాకా ఏసీ వేయొద్దు.

మళ్లీ చెబుతున్నా, వైరు మార్చకుండా ఎంసీబీ పెంచొద్దు. ఇంటి ఓనరు ఒప్పుకున్నా వద్దు. ఒకసారి ఎత్తాక మళ్లీ పడిందా, ఆ రాత్రికి ఫ్యాన్ కిందే పడుకోండి, పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.