యొరుబా అంకెలకు పావుతక్కువ లెక్క

నైజీరియా వాళ్ల యొరుబా భాషలో అంకెలు నేర్చుకునేవాళ్లకు ఒక మాట, ఒకటి నుంచి వంద దాకా బట్టీ పట్టొద్దు. ముందు ఒకటి నుంచి పది, ఆ తర్వాత ఒగున్ (20), ఒగ్బన్ (30), ఒగోజి (40) నోటికి రానివ్వండి. మిగతావి చాలావరకు కూడిక, తీసివేతలే.

మనం గడియారం చూసి పావుతక్కువ ఆరు అంటాం కదా, వాళ్లు అంకెలనే అలా చెబుతారు. 24 అంటే ఇరవై మీద నాలుగు, మెరిన్‌లేలోగున్. 16 మాత్రం ఇరవైకి నాలుగు తక్కువ, మెరిన్‌డిన్‌లోగున్. మధ్యలో 'లే' వినిపిస్తే కలపాలి, 'డిన్' వినిపిస్తే తీసేయాలి, అంతే. సంస్కృతంలో 19ని ఏకోనవింశతి అనడం గుర్తుందా, అదే పద్ధతి.

ప్రతి పదిలో 1 నుంచి 4 దాకా కలుపుతారు, 5 నుంచి తర్వాతి పదిలోంచి తీసేస్తారు, అందుకే 25 అంటే ముప్పైకి ఐదు తక్కువ. అసలు తిరకాసు 50 దగ్గర వస్తుంది, అది మూడు ఇరవైల్లోంచి పది తీసేస్తే వచ్చేది, ఇక 45 కావాలంటే అందులోంచి ఇంకో ఐదు తీయాలి! మొదట్లో కాగితం మీద వేసుకోండి, సిగ్గేం లేదు.