పాలిష్ పని పెట్టుకుంటున్నారా? ముందు ఆ గుడ్డల సంగతి చూడండి

ఈమధ్య తెలిసినవాళ్లు పాత బల్లకు అవిసె నూనె పట్టించి, తుడిచిన గుడ్డలన్నీ సంచిలో కుక్కి సామాన్ల గదిలో పడేశారు. అగ్గిపుల్ల గీసినవారెవరూ లేరు. అర్ధరాత్రి ఆ సంచి దానంతటదే అంటుకుంది. పొగకు మెలకువ రాబట్టి నష్టం ఒక తలుపుతో, రెండు కుర్చీలతో సరిపోయింది.

చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు మీకు తెలిసినవే. ఎక్కువమంది కొంప ముంచేది గుడ్డను ఉండ చుట్టి పడేయడం.

అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అప్పుడు వేడి పుడుతుంది. బల్ల మీద పలుచటి పూతగా ఉన్నప్పుడు ఆ వేడి ఎప్పటికప్పుడు పోతుంది. ఉండ చుట్టిన గుడ్డలో మాత్రం బయటికి దారి లేక పెరుగుతూ పోతుంది. గుడ్డ అంటుకోవడానికి కొన్ని గంటలు చాలు. డబ్బా మీద ‘బాయిల్డ్’ అని ఉంటే, త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలిపారన్నమాట. దానితో మరీ జాగ్రత్త. చెక్కకు పట్టించే టంగ్ నూనెదీ ఇదే తంతు.

అతిశయోక్తి అనుకోకండి. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో 22వ అంతస్తున మొదలైన మంటకు మూలం చెక్క పని చేసి వదిలేసిన ఇలాంటి గుడ్డలే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు.

కాబట్టి గుడ్డను ఉండ చుట్టవద్దు. పని కాగానే ఆరుబయట, గోడలకు దూరంగా, ఒకదానిమీద ఒకటి పడకుండా విప్పి పరవండి. అట్టలా బిగుసుకుంటేనే ఆరినట్టు. అంత చోటు లేకపోతే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి పూర్తిగా ముంచండి. ప్లాస్టిక్ సంచి వద్దు.

పాత పూతను ఉప్పు కాగితంతో రుద్దిన పొడి కూడా రాజుకుంటుంది. రుద్దే యంత్రానికి ఉండే సంచిలో ఆ పొడిని రాత్రంతా ఉంచవద్దు.

పాత పెయింటులో సీసం ఉండవచ్చు. తడపకుండా రుద్దవద్దు.

థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది. పక్క గదిలో పొయ్యి వెలుగుతుంటే డబ్బా మూత తీయవద్దు.

రంగు ఊడదీసే ద్రావకం స్నానాలగదిలో వాడవద్దు. తలుపు తీసి ఉంచినా సరే.

పిల్లలు తిరిగేచోట డబ్బా పెట్టవద్దు.

మధ్యలో భోజనానికి లేస్తున్నారా? చేతిలోని గుడ్డ పరిచి వెళ్లండి. ‘ఐదు నిమిషాల్లో వస్తాను కదా’ అని మూల పడేయవద్దు.