అంగళ్ల లెక్క – 5వ పాఠం: గల్లా పెట్టె మూత ఎప్పుడు తెరుచుకుంటుంది?

కిందటి పాఠంలోకి నేను నుమాయిష్‌ను, అంటే హైదరాబాద్‌లో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌ను, తేకుండా ఉండాల్సింది. తెచ్చాను, ఇప్పుడు అనుభవిస్తున్నాను.

అప్పుడు రెండు రకాల అంగళ్లు చెప్పాను. నాంపల్లి నుమాయిష్‌లో స్టాలు తీసుకుంటే జనవరి 1 నుంచి 46 రోజులకు అద్దె కట్టాలి. మీ సరుకు అమ్ముడైనా మిగిలినా ఆ అద్దె మారదు. బోయిన్‌పల్లి మార్కెట్లో కమీషన్ ఏజెంటు దగ్గర టమాటా దించితే మాత్రం, అమ్ముడయ్యాకే ఆయన తన వాటా కోసుకుంటాడు. ఒక వస్తువు తీసుకుని మూడు ఆన్‌లైన్ అంగళ్లను పోల్చి, ఏది నయమో కారణంతో సహా రాయమన్నాను. 38 జవాబులు వచ్చాయి. అందులో 31 మందిది ఒకటే మాట: "మీషో. ఎందుకంటే కమీషన్ లేదు." కారణం అంతే, ఒక్క వాక్యం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకాయన ఇంకో అడుగు ముందుకేశారు: "మేడం, సున్నా అంటే సున్నానే గదా, ఇంక లెక్క చేసేదేముంది?"

చేసేదంతా అక్కడే ఉందండీ. ఈ వారం ఫుల్‌ఫిల్‌మెంట్ గోడౌన్ల (అంగడే మీ సరుకు దాచి, ప్యాక్ చేసి పంపే చోట్ల) గురించి చెబుతానన్నాను, అది వచ్చే పాఠానికి వాయిదా. ఈ సున్నా సంగతి తేలకుండా ముందుకు పోలేను.

తప్పు మీది కాదు, నా పోలికది. నుమాయిష్‌కు ఒక గల్లా, బోయిన్‌పల్లికి ఒక గల్లా చూపించేసరికి, ప్రతి అంగడికీ ఒకటే గల్లా పెట్టె ఉంటుందనుకున్నారు. ఆన్‌లైన్ అంగడికి నాలుగైదు ఉంటాయి. ఒకటి మూసేశానని బోర్డు పెట్టి మిగతావి తెరిచి ఉంచుతుంది. ఇలా అనుకోండి: స్టాలుకు అద్దె వద్దనే నుమాయిష్ ఒకటి ఉంది. లోపలికి సరుకు మాత్రం వాళ్ల ఆటోలోనే రావాలి, ఆటో చార్జీ వాళ్లు చెప్పిందే. మైకులో మీ స్టాలు పేరు పిలవాలంటే డబ్బు కట్టాలి. పక్క స్టాలువాడు కట్టాడు కాబట్టి మీరూ కడతారు. అలాంటి చోట అద్దె లేదని సంబరపడతారా?

మీషో ఏం చేసిందో తెలిస్తే ఇది ఊహ కాదని అర్థమవుతుంది. 2015లో మొదలైనప్పుడు అది ఇంట్లో ఉండి చీరలు, డ్రెస్సులు అమ్మే ఆడవాళ్ల కోసం. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, పైన తమ లాభం వేసుకుని అమ్ముకునేవాళ్లు. మన కాలనీల్లో ఎంతమంది చేశారో మీకే తెలుసు. 2021లో అమ్మేవాళ్లకు కమీషన్ ఎత్తేసింది. సంస్థకు ఆదాయం పార్శిల్ రవాణా మీద, యాడ్స్ మీద వస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు. వాళ్ల వ్యాపారమే అది, వాళ్లు దాచిపెట్టిందీ లేదు. మనమే కమీషన్ గడి ఒక్కటి చూసి కాగితం మూసేశాం.

ఈ ఎత్తు కొత్తదీ కాదు. చైనాలో ఈబే 2003 నాటికి అమ్మేవాళ్ల దగ్గర ఫీజులు తీసుకుంటోంది. అదే ఏడాది అలీబాబా వాళ్లు టావోబావో పెట్టి, లిస్టింగ్, అంటే సరుకు అంగట్లో పెట్టడం, ఉచితం అన్నారు. 2006 చివరికి ఈబే తన చైనా సైటును మూసుకుంది. టావోబావో ఆ తరవాత ప్రకటనల మీద సంపాదించింది. అంగట్లో లక్షల మంది అమ్మేవాళ్లు ఉన్నప్పుడు, ముందు కనబడటమే అమ్మదగ్గ సరుకు అవుతుంది. అమెజాన్ చూడండి, కమీషన్ తీసుకుంటూనే 2024లో ప్రపంచవ్యాప్తంగా ప్రకటనల మీద 5,600 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. అదే అమెజాన్ 2025 ఏప్రిల్‌లో ఇక్కడ చాలా రకాల వస్తువులకు, ధర 300 రూపాయల లోపుంటే, రిఫరల్ ఫీజు, అంటే తన కమీషన్, తీసేసింది. అంటే సున్నా ఇప్పుడు ఒక్కరి సొత్తు కాదు.

కాబట్టి "ఎంత శాతం?" అని అడగడం మానండి. అంగడి గల్లా పెట్టె మూత ఏ క్షణంలో తెరుచుకుంటుంది అని అడగండి. సరుకు అమ్ముడైనప్పుడా, పార్శిల్ కదిలినప్పుడా, ఎవరో మీ ఫొటో మీద వేలు పెట్టినప్పుడా? అమ్మకం మీద తినే అంగడికి మీ ధర ఎక్కువుంటే లాభం. పార్శిల్ మీద తినే అంగడికి ధరతో పనిలేదు, పార్శిళ్లు ఎక్కువ కదలాలి. అందుకే అది ధరను కిందికి లాగుతుంది. క్లిక్ మీద తినేదానికి మీలాంటి కుర్తీ అమ్మేవాళ్లు ఇంకో వెయ్యి మంది కావాలి. ఒక అంగడి మీతో ఎలా ఉంటుందో తెలియాలంటే మూత చూస్తే చాలు.

ఇప్పుడు లెక్క. నేను ఎక్సెల్ వాడను, రూళ్ల లాంగ్ బుక్కే. శాతం కనబడితే వెంటనే రూపాయల్లోకి మార్చేస్తాను, మీరూ అదే చేయండి. కింద రేట్లు నేను లెక్క కోసం వేసుకున్నవి, ఏ అంగడివీ కావు. పేర్లు కూడా 'క' అంగడి, 'చ' అంగడి.

పాతబస్తీ మదీనా దగ్గర హోల్‌సేల్‌లో కొన్న కాటన్ కుర్తీ. కొన్నది 210, కవరూ టేపూ కలిపి ఇంకో 10, మొత్తం 220.

'క' అంగడిలో ధర 499. కమీషన్ 75, స్థిర ఫీజు 20, పార్శిల్ 65. పోగా 339. అందులో 220 తీస్తే చేతికి 119.

'చ' అంగడిలో కమీషన్ సున్నా. కానీ అక్కడ పక్కవాడి కుర్తీ 349కి ఉంది, 499 పెడితే ఎవరూ చూడరు. మీరూ 349 పెట్టారు. పార్శిల్ 60 పోతే 289, అందులో 220 తీస్తే 69.

చాలామంది ఇక్కడ ఆగి "అయితే 'క' నయం" అంటారు. అదీ తొందరే. నెల రోజులు నడిపి చూద్దాం.

'క' అంగడిలో నెలకు 40 ఆర్డర్లు. 4 రిటర్న్ వచ్చాయి, ఒక్కోదానికి రానూపోనూ చార్జీ, నలిగిన బట్టకు తగ్గిన విలువ కలిపి 120 పోయిందనుకుందాం. 36 × 119 = 4,284. రిటర్న్‌లకు 480, యాడ్స్‌కు 400 తీస్తే 3,404 మిగిలింది.

'చ' అంగడిలో 300 ఆర్డర్లు. అక్కడ అంత జనం ఉన్నారు మరి. 45 పార్శిళ్లు గుమ్మం దాకా వెళ్లి, "ఇప్పుడు డబ్బుల్లేవు, వద్దు" అనిపించుకుని వచ్చాయి. వాటికి అంగడి చార్జీ వేయలేదు, ప్యాకింగ్ పది రూపాయలు మాత్రం పోయింది, అంటే 450. ఇంకో 30 మంది తీసుకుని, చూసి, తిప్పిపంపారు. ఒక్కోదానికి 110 చొప్పున 3,300. నిలిచిన అమ్మకాలు 225 × 69 = 15,525. యాడ్స్‌కు 4,500. అన్నీ తీస్తే 7,275.

అరే, 'చ' గెలిచింది! 31 మంది జవాబు ఒప్పే కావచ్చు. కారణమే తప్పు. 'చ' గెలిచింది సున్నా వల్ల కాదు, 300 వల్ల. ఆ 300 రాకపోతే సున్నా మిమ్మల్ని కాపాడదు.

ఇంకొక్క గీత గీసి కింద ఇది రాయండి. 'క'కి మీరు కట్టిన సరుకు 8,800. 'చ'కి 66,000. దాంట్లో 75 కుర్తీలు ఏదో ఒక రోజున వెనక్కి వచ్చి మీ దివాన్ కింద చేరాయి. 300 లేబుళ్లు ఎవరు అంటించారు? కూకట్‌పల్లి పాఠకురాలు ఒకరు తనూ, అత్తగారూ రాత్రి పదకొండు దాకా ప్యాకింగ్ చేస్తున్నామని రాశారు. ఆవిడ లెక్కలో అత్తగారి కూలి లేదు. ఉండాలండీ.

నా అడ్డదారి ఒకటి చెబుతాను. ఏ అంగడిలోనైనా నేను ముందు చూసేది ఒక్క అంకె: తిరిగొచ్చిన ఒక పార్శిల్ ఎన్ని మంచి పార్శిళ్ల లాభం తింటుంది? 'క'లో 120ని 119తో భాగిస్తే ఒకటి. 'చ'లో 110ని 69తో భాగిస్తే ఒకటిన్నర పైచిలుకు. రెండు దాటితే నేను ఆ వస్తువు అక్కడ పెట్టను. అంతకంటే పెద్ద శాస్త్రం నాకు తెలియదు.

రిటర్న్‌ల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కాల్చుకున్నదాన్ని. కొన్నేళ్ల కిందట మా వదినా నేనూ లాడ్ బజార్ లక్క గాజులు ఒక అంగడిలో పెట్టాం, పేరొద్దు. 24 సెట్లు పోయాయి, 5 వెనక్కొచ్చాయి. ఒక డబ్బా విప్పితే లోపల ఎవరివో పాత ప్లాస్టిక్ గాజులు, వాటికి చుట్టుకుని ఒక రబ్బర్ బ్యాండు, బ్యాండుకి రెండు వెంట్రుకలు. క్లెయిమ్ పెట్టాం. డబ్బా విప్పుతున్న వీడియో లేదని కొట్టేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రిటర్న్ పార్శిల్‌ను ఫోన్ కెమెరా ఆన్ చేయకుండా ఎవరూ ముట్టుకోరు, పిల్లలు కూడా.

మిగతా ప్రశ్నలకు గబగబా జవాబులు.

సెటిల్‌మెంట్‌లో, అంటే అంగడి మీకు డబ్బు జమ చేసే లెక్కలో, 0.5 శాతం జీఎస్టీ టీసీఎస్, 0.1 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్ టీడీఎస్ కోశారని ఆరుగురు లబోదిబోమన్నారు. అది అంగడి ఫీజు కాదు. 2024 జూలైకి ముందు మొదటిది 1 శాతం ఉండేది, అక్టోబరుకు ముందు రెండోది కూడా 1 శాతమే. మీ పేరు మీద ప్రభుత్వానికి కట్టిన మీ డబ్బు అది, పన్ను రిటర్న్ వేసినప్పుడు లెక్కకు వస్తుంది. పోల్చేటప్పుడు పక్కన పెట్టండి.

"అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ సొంతంగా సరుకు కొని అమ్ముకోవచ్చుగా, మనమెందుకు?" అన్నది సికింద్రాబాద్ ప్రశ్న. మంచి ప్రశ్న. విదేశీ పెట్టుబడి ఉన్న అంగడి సొంత సరుకు పెట్టుకుని నేరుగా వినియోగదారుకు అమ్మకూడదు. వేదికగా మాత్రమే ఉండాలి. 2016లో కేంద్రం ఇది స్పష్టం చేసింది. తమ వాటా ఉన్న కంపెనీ ఆ వేదిక మీద అమ్మకూడదన్న నిబంధన 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఇక్కడ వాళ్ల ఆదాయం చాలావరకు అమ్మేవాళ్ల నుంచి, రవాణా నుంచి, ప్రకటనల నుంచి రావాల్సిందే. 2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైనప్పుడు దాని తొలి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచే వెళ్లింది. అప్పుడు అది మామూలు పుస్తకాల షాపు తీరు. వేరేవాళ్లు కూడా అమ్ముకునే వేదికగా మారింది 2013లో.

"నానక్‌రామ్‌గూడలో అమెజాన్ అంత పెద్ద బిల్డింగు మన కమీషన్లతోనే కట్టారా?" అని ఒకరి బాధ. లేదండీ. 2023లోనూ 2024లోనూ అమెజాన్ నిర్వహణ లాభంలో సగానికి పైగా ఏడబ్ల్యూఎస్ నుంచి, అంటే కంప్యూటర్లు అద్దెకిచ్చే వ్యాపారం నుంచి వచ్చింది. పోల్చేటప్పుడు ఇది ముఖ్యం. వేరే జేబు నిండుగా ఉన్నవాడు అంగట్లో చాలాకాలం తక్కువకు ఆడగలడు. ఫ్లిప్‌కార్ట్ వెనక వాల్‌మార్ట్ ఉంది, 2018లో 1,600 కోట్ల డాలర్లకు 77 శాతం కొంది. మీ వెనక ఉన్నది మీ లాంగ్ బుక్కే.

ఓఎన్‌డీసీని అంగళ్ల జాబితాలో రాసినవాళ్లు కొట్టేయండి. అది అంగడి కాదు, అంగళ్లను కలిపే దారి. కొనేవాడిని తెచ్చిన యాప్ ఒక వాటా, మిమ్మల్ని ఎక్కించిన యాప్ ఇంకో వాటా, మోసినవాడు మూడో వాటా తీసుకుంటారు. మూడు మూతలు, ముగ్గురు యజమానులు.

లిస్టింగ్ ఎలా పెట్టాలో అడిగారు. చెప్పను, అది పదినిమిషాల వీడియోలు చూస్తే వస్తుంది.

అభ్యాసం. ఇప్పటికే అమ్ముతున్నవాళ్లు గత మూడు నెలల సెటిల్‌మెంట్ రిపోర్టులు దించుకుని, మీకు బాగా అమ్ముడైన ఒక్క వస్తువుకు పైన చేసినట్టు ప్రతి పార్శిల్‌నూ ఒక వరుసలో రాయండి. అవును, ప్రతి పార్శిల్‌నూ, చేత్తోనే. రెండొందలుంటే రెండొందల వరుసలు. చివర "ఒక రిటర్న్ = ఎన్ని మంచి పార్శిళ్లు" అంకె కట్టండి. ఇంట్లోవాళ్ల కూలి గంటకింత అని వేయండి, వాళ్లను అడిగే వేయండి.

ఇంకా అమ్మకం మొదలుపెట్టనివాళ్లు మూడు యాప్‌లలో "కాటన్ కుర్తీ" అని వెతికి, మొదటి 20 ఫలితాల్లో ఎన్నింటి మీద ప్రకటన అన్న ముద్ర ఉందో లెక్కపెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, నాలుగు రోజులు. డెలివరీ చార్జీ విడిగా చూపించారా, ధరలో కలిపారా అన్నదీ పక్కన రాయండి.

జవాబులు శనివారం లోపు పంపండి. శాతాల్లో రాసినవి చదవను.