కార్లో పెన్‌డ్రైవ్ పలకడం లేదా? డాష్‌బోర్డు విప్పించే ముందు ఇవి చూడండి

కార్లో పాటలు రాకపోతే చాలామంది ముందుగా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తారు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం వెతుకుతారు. రెండూ తొందరపాటే. యూఎస్‌బీ, మెమరీ కార్డు ఫిర్యాదుల్లో నిజంగా స్టీరియో చెడిపోయినవి చాలా తక్కువ. పోర్టు తప్పయినా అయ్యుంటుంది, పెన్‌డ్రైవ్ తప్పయినా అయ్యుంటుంది, దాంట్లో వేసిన ఫైలు తప్పయినా అయ్యుంటుంది. ఈ వరసలోనే చూసుకుంటూ రండి.

పెట్టినా స్క్రీన్ మీద ఏమీ రాదు

ముందు పోర్టు చూడండి. అందరూ వదిలేసేది ఇదే. ఇప్పటి కార్లలో రెండు నుంచి నాలుగైదు దాకా యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి. వాటిలో డేటా వెళ్లేది సాధారణంగా ఒక్కటే. మిగతావి ఛార్జింగ్‌కి మాత్రమే, వాటి నుంచి స్టీరియోకి డేటా వైరే ఉండదు. డేటా పోర్టు పక్కన త్రిశూలంలాంటి యూఎస్‌బీ గుర్తు గానీ ఫోన్ బొమ్మ గానీ ఉంటుంది. ఛార్జింగ్ పోర్టు పక్కన మెరుపు గుర్తో, బ్యాటరీ బొమ్మో, 2.1 ఆంప్స్ లాంటి అంకెలో ఉంటాయి. వెనక సీట్లవాళ్లకిచ్చిన పోర్టులు దాదాపుగా అన్నీ ఛార్జింగ్‌వే. టైప్-సీ కొత్తది కదా, డేటా అందులోనే వెళ్తుందని అనుకోకండి. టైప్-ఏ, టైప్-సీ పక్కపక్కనే ఉన్న చాలా కార్లలో డేటా పాత టైప్-ఏ లోనే వెళ్తుంది. ఫోన్ ఛార్జ్ అవుతోంది కాబట్టి పోర్టు బాగానే ఉందనే వాదన కూడా నిలవదు. ఛార్జింగ్‌కి కావలసింది కరెంటు ఒక్కటే.

ఫోన్‌ని కారు స్క్రీన్ మీదికి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రాకపోతే పోర్టు తర్వాత అనుమానించాల్సింది కేబుల్‌ని. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి, ఆకుపచ్చ, తెలుపు డేటాకి. పవర్‌బ్యాంకుతోనో ఇయర్‌ఫోన్స్‌తోనో వచ్చే చవక కేబుళ్లలో చాలావాటికి మొదటి రెండే ఉంటాయి. తేల్చుకోవడానికి అదే కేబుల్‌తో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలపండి. ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఆప్షన్ రాకపోతే ఆ కేబుల్ కారుకి పనికిరాదు. కేబుల్ పొడవు మీటరు దాటకుండా, మధ్యలో హబ్బులూ ఎక్స్‌టెన్షన్లూ లేకుండా చూసుకోండి. పిన్ను ఫోన్‌లోకి పూర్తిగా దిగకుండా కాస్త బయటికి నిలబడితే లోపల జేబు నూలు పేరుకుపోయినట్టే. ఫోన్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకి తీయండి. గుండుసూది మాత్రం పెట్టకండి, లోపలి కాంటాక్టులు వంగిపోతాయి.

పెన్‌డ్రైవ్ బదులు హార్డ్‌డిస్క్ పెట్టేవాళ్లూ ఉన్నారు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంప్స్ మాత్రమే. తిరిగే డిస్కుకి మోటార్ మొదలయ్యేటప్పుడు అంతకన్నా ఎక్కువ కావాలి. టిక్ టిక్ మని ఆగిపోతుంటే కారణం అదే.

"నో డివైస్" లేదా "అన్‌సపోర్టెడ్" అని వస్తుంది

ఇది ఫార్మాట్ గొడవ, అంటే డ్రైవ్‌లో ఫైళ్లని అమర్చే పద్ధతిది. కారు స్టీరియోలు దాదాపుగా అన్నీ చదివేది ఫ్యాట్32 అనే పద్ధతిని. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ కొన్ని చదువుతాయి, కొన్ని చదవవు. 4 నుంచి 32 జీబీ దాకా ఎస్‌డీ కార్డులు ఫ్యాక్టరీ నుంచి ఫ్యాట్32తో వస్తాయి, 64 జీబీ నుంచి ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి. పాత 32 జీబీ కార్డు పలికి కొత్త 64 జీబీ పలకకపోవడానికి అసలు కారణం సైజు కాదు, ఈ తేడానే.

విండోస్‌లో రైట్ క్లిక్ చేసి వచ్చే ఫార్మాట్ పెట్టెలో 32 జీబీ దాటినవాటికి ఏళ్ల తరబడి ఫ్యాట్32 ఆప్షనే లేదు. ఉచితంగా దొరికే రూఫస్ అనే ప్రోగ్రాం వాడండి. బూట్ సెలెక్షన్‌లో నాన్ బూటబుల్, పార్టిషన్ స్కీమ్‌లో ఎంబీఆర్, ఫైల్ సిస్టంలో ఫ్యాట్32 ఎంచుకుని స్టార్ట్ నొక్కండి. ఎంబీఆర్ దగ్గర శ్రద్ధ పెట్టండి. డ్రైవ్‌ని భాగాలు చేసే పట్టికలో ఇది పాత పద్ధతి, జీపీటీ కొత్తది. ఆ పెన్‌డ్రైవ్‌తో ఎప్పుడైనా విండోస్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే అది జీపీటీగా మిగిలి ఉండొచ్చు. పైపైన ఫ్యాట్32 అని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా కింద పార్టిషన్ పట్టిక మారదు, చాలా స్టీరియోలు దాన్ని గుర్తించవు. ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది కాబట్టి ముందే కాపీ తీసుకోండి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. పాటలకి ఇది అడ్డు కాదు, పెద్ద వీడియోలకి అవుతుంది.

కొన్ని పాటలు వస్తాయి, కొన్ని దాటేస్తుంది

అసలు చిక్కంతా ఇక్కడుంది. మొదటి ఫోల్డర్లు హాయిగా పలుకుతాయి. ఒక హద్దు దాటాక స్క్రీన్ మీద పాట పేరు వస్తుంది, సమయం 0:00 దగ్గర నిలబడుతుంది, రెండు మూడు సెకన్లకి తర్వాతి పాటకి దూకుతుంది. అదీ పలకదు, దాని తర్వాతదీ పలకదు. ఒక్కోసారి ఒక పాట మధ్యలో ఇంకో పాట ముక్క వినిపిస్తుంది. ఒక్కోసారి సిస్టం మొత్తం బిగుసుకుపోయి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అది చూసి కారు సిస్టం పాడైందని తీర్మానిస్తారు. చాలాసార్లు పాడైంది కారు కాదు, పెన్‌డ్రైవ్ నకిలీది. ఉదాహరణకి పైన 64 జీబీ అని రాసి ఉన్నా లోపల ఉన్న చిప్ 8 జీబీదే.

ఎలా జరుగుతుందంటే, పెన్‌డ్రైవ్‌లో డేటా దాచే చిప్ వేరు, కంప్యూటర్‌తో మాట్లాడే కంట్రోలర్ వేరు. నీ సైజెంత అని కంప్యూటర్ అడిగితే జవాబు చెప్పేది కంట్రోలర్. దాని సాఫ్ట్‌వేర్ మార్చేస్తే 8 జీబీ చిప్ పెట్టుకుని 64 అని చెబుతుంది, 2 టీబీ అని కూడా చెబుతుంది. 8 జీబీ దాటి రాసిన డేటాని కొన్ని రకాలు ఊరికే వదిలేస్తాయి, అప్పుడు ఆ పాట ఖాళీ. కొన్ని రకాలు ముందు రాసినదాని మీదే మళ్లీ రాస్తాయి. ఒక పాటలోకి మరో పాట చొరబడేది ఈ రెండో రకంలోనే.

ల్యాప్‌టాప్‌లో ఎందుకు బయటపడదంటే, ఫ్యాట్32లో ఫైళ్ల జాబితా పట్టిక డ్రైవ్ మొదట్లో ఉంటుంది. ముందుగా చేసిన ఫోల్డర్లదీ అదే తీరు. మొదటి భాగం నిజమైన చిప్ మీదే ఉంది కాబట్టి పేర్లు, సైజులు, నిండిన లెక్క అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. కాపీ అయిపోగానే అక్కడే ఒక పాట పెట్టి చూస్తే అదీ పలుకుతుంది. అప్పుడు మీరు వింటున్నది పెన్‌డ్రైవ్‌లోది కాకపోవచ్చు, ఇప్పుడే కాపీ అయిన డేటా ఇంకా ల్యాప్‌టాప్ ర్యామ్‌లోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ తీసి కార్లో పెడితే ఆ వెసులుబాటు ఉండదు, గుట్టు బయటపడుతుంది.

క్విక్ ఫార్మాట్ కూడా దీన్ని పట్టుకోలేదు. అది రాసేది డ్రైవ్ మొదటి భాగంలోనే. ఫార్మాట్ చేశాక వంద పాటలు వేసి చూస్తే అన్నీ పలుకుతాయి, బాగైపోయిందనిపిస్తుంది. మళ్లీ నింపగానే మళ్లీ అదే రోగం. 320 కేబీపీఎస్ పాట ఐదు నిమిషాలుంటే 12 ఎంబీ. 8 జీబీలో అలాంటివి 650 దాకా పడతాయి. అంటే నెలల తరబడి బాగా పలికిన పెన్‌డ్రైవ్ ఆ లెక్క దాటిన రోజున మొరాయిస్తుంది. సరిగ్గా ఆ వారమే కారు సర్వీసింగ్‌కి వెళ్లొచ్చి ఉంటే, సర్వీసింగ్‌లో ఏదో చేశారన్న అనుమానం వస్తుంది.

తేల్చే పరీక్ష ఒక్కటే: మొత్తం నింపి, నింపింది మళ్లీ చదివించడం. విండోస్‌లో దీనికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. లినక్స్, మ్యాక్ వాళ్లకి ఎఫ్3 ఉంది.

1. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా వేరే చోటికి కాపీ చేసి పూర్తిగా ఖాళీ చేయండి.
2. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ తెరిచి, సెలెక్ట్ టార్గెట్ దగ్గర ఆ డ్రైవ్‌ని చూపించండి. డ్రైవ్ అక్షరం రెండుసార్లు చూసుకోండి.
3. ఆల్ అవైలబుల్ స్పేస్ ఎంచుకుని, రైట్ ప్లస్ వెరిఫై నొక్కండి.
4. వదిలేయండి. సెకనుకి 10 ఎంబీ రాసే 64 జీబీ డ్రైవ్‌కి రాయడానికే గంటా ముప్పావు పడుతుంది, చదవడానికి అదనం. రాత్రి పెట్టి పడుకోవడం మేలు.

తప్పులేమీ లేవని వస్తే డ్రైవ్ మంచిదే, మీ సమస్య వేరే చోట ఉంది. ఇన్ని జీబీ ఓకే, ఇన్ని జీబీ డేటా లాస్ట్ అని రెండు అంకెలు వచ్చి, ఓకే అంకె 7.4 లాంటి చోట తెగితే అది నకిలీ. ఆ స్క్రీన్ ఫొటో తీసుకుని అమ్మినవాళ్లకి వెనక్కివ్వండి. వాపసు గడువు లోపు చేయాలంటే పరీక్ష కొన్న రోజే పెట్టాలి. మైక్రో ఎస్‌డీ కార్డులకీ ఇదే పరీక్ష. కొన్ని వందల రూపాయలకే 1 టీబీ, 2 టీబీ అని ఎవరు అమ్మినా కొనకండి.

ఒక మాట, 32 జీబీ డ్రైవ్ విండోస్‌లో 29.8 అని, 64 జీబీ 59.6 అని కనిపించడం మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

వాపసు దారి మూసుకుపోతే నిజమైన సైజు వరకే పార్టిషన్ చేసి వాడుకోవచ్చు. విండోస్‌లో డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ప్రోగ్రాం తెరిచి, ఆంగ్ల అక్షరాల్లో వరసగా లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ పక్కన ఆ డ్రైవ్ నంబరు, క్లీన్, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=7000, ఫార్మాట్ ఎఫ్ఎస్=ఫ్యాట్32 క్విక్, అసైన్ అని ఇవ్వండి. 7000 అంటే ఎంబీలు, ఓకే అని వచ్చిన అంకె కన్నా కాస్త తగ్గించి ఇవ్వాలి. డిస్క్ నంబరు తప్పితే ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది, అక్కడ నిదానించండి. ఇలా దారికి తెచ్చినా దాన్ని పాటలకి మాత్రమే వాడండి. పెళ్లి ఫొటోలో, పిల్లల వీడియోలో ఇలాంటి డ్రైవ్‌లో పెట్టి పోగొట్టుకున్నవాళ్లకి రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఏమీ తెచ్చిపెట్టలేవు, ఆ డేటా చిప్ మీద ఎప్పుడూ నిలవనే లేదు.

ఫోన్‌లో పలికి కార్లో పలకని పాటలు

అక్కడొకటి ఇక్కడొకటి పలకకపోతే ఫైలు చివర ఎంపీ3 అని ఉన్నా లోపల వేరే రకం ఉండొచ్చు. వీడియో సైట్ల నుంచి దించిన ఎం4ఏ, ఓపస్ ఫైళ్ల పేరు మార్చి ఎంపీ3 చేస్తుంటారు. ఫోన్ అయితే ఫైలు లోపలి డేటా చూసి పలికిస్తుంది, స్టీరియో పేరు చూసి మోసపోతుంది. మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో తెరిస్తే అసలు రకం తెలుస్తుంది. పేరు మార్చడం కాదు, కన్వర్టర్‌తో నిజంగా ఎంపీ3 చేయాలి. మ్యాక్ నుంచి కాపీ చేస్తే చుక్కతో, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దొంగ ఫైళ్లు పాట పక్కనే చేరతాయి. టెర్మినల్‌లో డాట్_క్లీన్ హైఫన్ ఎం అని కొట్టి పెన్‌డ్రైవ్ దారి ఇస్తే పోతాయి.

తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తాయి

ఆ స్టీరియోలో తెలుగు ఫాంటు లేదు. బయటి నుంచి ఎక్కించే దారి మామూలుగా ఉండదు, కాబట్టి ఫైలు పేరూ, పాట వివరాలు రాసి ఉండే లోపలి ట్యాగూ రెండూ ఆంగ్ల అక్షరాల్లో పెట్టుకోవాలి. ఫైలు పేరొక్కటే మార్చి ట్యాగు వదిలేస్తే డబ్బాలు అలాగే ఉంటాయి. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంలో అన్నీ ఒకేసారి మార్చవచ్చు. సెట్టింగుల్లో ట్యాగు రకం ఐడీ3 వెర్షన్ 2.3 ఎంచుకోండి, 2.4 చదవలేని స్టీరియోలు ఉన్నాయి. భారీ ఆల్బం బొమ్మలున్న పాట దగ్గర స్క్రీన్ బిగుసుకుంటుంటే బొమ్మని 500 పిక్సెల్స్‌కి తగ్గించడమూ ఇక్కడే చేసేయండి.

వరస తప్పి పలుకుతాయి

కొన్ని స్టీరియోలు పేరు వరసలో కాకుండా కాపీ అయిన వరసలో పలికిస్తాయి. పేరు ముందు 001, 002 అని పెట్టి, ఫోల్డర్ ఖాళీ చేసి, ఆ వరసలోనే మళ్లీ కాపీ చేయండి. ఫ్యాట్‌సార్ట్ లాంటి ప్రోగ్రాంతో ఉన్నచోటే సర్దవచ్చు.

మ్యాపు కార్డు

కొన్ని కార్లలో నావిగేషన్ మ్యాపులు ఎస్‌డీ కార్డులో వస్తాయి. దాన్ని తీసి పాటలు వేయకండి, ఫార్మాట్ అసలే చేయకండి. అలాంటి చాలా కార్డుల్లో మ్యాపు ఆ కార్డు సొంత నంబరుకి ముడిపడి ఉంటుంది, వేరే కార్డులోకి కాపీ చేస్తే పనిచేయదు. కార్డు పక్కన ఉండే, రాయడాన్ని ఆపే చిన్న తాళం మీట కిందికి జారిపోయిందేమో కూడా చూడండి.

ఇక అరుదైనవి

వేసవిలో మధ్యాహ్నాలు మాత్రమే మొరాయిస్తే అది వేడి. చాలా పెన్‌డ్రైవ్‌లకి పని చేసే ఉష్ణోగ్రత 60 డిగ్రీల లోపే. రామగుండం ఎండలో అద్దాలెత్తి నిలిపిన కారు డాష్‌బోర్డు అది దాటేస్తుంది. ఏసీ వేసి పది నిమిషాలయ్యాక మళ్లీ చూడండి. వీడియో బొమ్మ రాకుండా శబ్దం మాత్రమే వస్తుంటే హ్యాండ్‌బ్రేక్ వేసి చూడండి, బండి కదులుతుంటే చూపించకుండా కట్టడి చేసి ఉంటుంది. అది ఉండాల్సిందే, తీయించకండి.

పైవన్నీ అయ్యాక, పరీక్షలో నెగ్గిన 16 జీబీ డ్రైవ్‌ని ఎంబీఆర్, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, పది అసలైన ఎంపీ3 పాటలు వేసి, డేటా పోర్టులో పెట్టండి. అదీ పలకకపోతే అప్పుడు పోర్టు నుంచి స్టీరియోకి వెళ్లే కనెక్టర్ చూపించండి, ఈమధ్య కెమెరా గానీ స్పీకర్లు గానీ బిగించి ఉంటే మరీను. ఆ డ్రైవ్‌ని మెకానిక్‌కే ఇచ్చేసి రండి, ఆయనకి పరీక్షించడానికి అదే కావాలి.