క్రోమ్ తెరవగానే తెలియని సైట్ వస్తోందా? ముందు ఐకాన్ చూడండి
హోమ్‌పేజీ ఎన్నిసార్లు మార్చినా క్రోమ్ తెరవగానే ఏదో ముక్కూమొహం తెలియని సెర్చ్ సైటే వస్తోందా? సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టేముందు డెస్క్‌టాప్ మీదున్న క్రోమ్ ఐకాన్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అందులో టార్గెట్ అనే గడి ఉంటుంది. మామూలుగా అది క్రోమ్ డాట్ ఈఎక్స్‌ఈ, ఆ పక్కన కొటేషన్ గుర్తుతో ముగుస్తుంది. ఆ గుర్తు తర్వాత ఏదైనా వెబ్‌సైట్ అడ్రస్ అతికించి ఉంటే దొంగ దొరికినట్టే. ఆ అడ్రస్ మటుకే చెరిపి ఓకే నొక్కండి. ప్రొఫైల్ డైరెక్టరీ అని ఉంటే మాత్రం కంగారుపడకండి, అది క్రోమ్‌దే. టాస్క్‌బార్‌లోని ఐకాన్‌ని అన్‌పిన్ చేసి, కొత్తగా పిన్ చేసుకోండి.

మా ఇంటి కంప్యూటర్లోకి ఇది ఓ ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్‌తో కలిసి వచ్చింది. చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయింది నేనే లెండి. అందుకే ఐకాన్ బాగుచేశాక విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను తేదీ ప్రకారం పేర్చి, గొడవ మొదలైన రోజున ఎక్కినవాటిని తీసేయండి. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లలో మీరు పెట్టనివి కూడా. అసలు ప్రోగ్రామ్ అలాగే ఉంటే ఆ అడ్రస్ మళ్లీ వచ్చి అతుక్కుంటుంది.