అమెరికా ఎన్నికల తర్వాత కన్జర్వేటివ్‌ల మాటలు ఎలా చదవాలి

తిరుపతిలో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లల్లో అక్కడి ఫలితం రాగానే టెన్షన్ మొదలు, ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో వాకింగ్‌కి వెళ్లినా అదే చర్చ. ముందు వార్తనీ అభిప్రాయాన్నీ విడదీయండి. 2024లో ట్రంప్‌కి 312, హారిస్‌కి 226 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల వారీగా లెక్కేసి అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు) రావడం వార్త. దేశమంతా కన్జర్వేటివ్‌ల (సంప్రదాయవాదులు, ఎక్కువగా ట్రంప్ రిపబ్లికన్ పార్టీ వైపు ఉండేవాళ్లు) వైపు తిరిగిందనేది అభిప్రాయం, ఎందుకంటే ప్రజల ఓట్లలో తేడా రెండు శాతం కూడా లేదు.

తర్వాత, రాసింది ఏ రకం కన్జర్వేటివో చూడండి, అందరూ ఒకే తానులో గుడ్డలు కాదు. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక సంపాదకీయాలు స్వేచ్ఛా వాణిజ్యం వైపు, అందుకే ట్రంప్ సుంకాలను తప్పుపడతాయి. ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బానన్‌కి ఆ సుంకాలే కావాలి. మనకు కావాల్సిన హెచ్-1బీ (నిపుణులకిచ్చే ఉద్యోగ వీసా) సంగతే తీసుకోండి: 2024 డిసెంబర్‌లో ట్రంప్ వైపే ఉన్న మస్క్, వివేక్ రామస్వామి విదేశీ నిపుణులు కావాలంటే బానన్ వర్గం మండిపడింది, గెలిచి రెండు నెలలు కాకముందే సొంత గూటిలో గొడవ! కాబట్టి ‘రిపబ్లికన్లొచ్చారు, వీసాలు పోయాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేసే వీడియోలు ఫార్వర్డ్ చేయకండి, అవతల ఒక తల్లికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ప్రచార సభలో అన్నదీ, సంతకం పెట్టిందీ ఒకటి కాదు. ఉత్తర్వు అయితే ఫెడరల్ రిజిస్టర్‌లో (అమెరికా ప్రభుత్వ గెజిట్) వస్తుంది, ఎప్పట్నుంచి, ఎవరికి వర్తిస్తుందో అక్కడ చూశాకే అబ్బాయికి ఫోన్ చేయండి.