రాలేనని ఇంగ్లీషులో చెప్పడానికి మూడు వాక్యాలు చాలు

ఆఫీసులో ఇంగ్లీషువాళ్లకు రాలేనని చెప్పాల్సి వస్తే అరగంట కూర్చుని మెయిల్ రాసేదాన్ని. ఊరి నుంచి మామయ్య రావడం, రైలు ఆలస్యం, వంట, అన్నీ పూసగుచ్చినట్టు. నిజానికి వాళ్లకు అంత అక్కర్లేదు.

ముందే ఒప్పుకున్నది మానుకోవాలంటే ‘సంథింగ్స్ కమ్ అప్’ అనండి, అనుకోకుండా ఏదో పని పడిందని అర్థం. ఇంకా ఒప్పుకోని పిలుపుకైతే ‘ఐ హావ్ ప్లాన్స్’. ఇంట్లో విశ్రాంతి తీసుకోవడం కూడా ప్లానే, అబద్ధమేమీ కాదు. ఏం పని అని సాధారణంగా ఎవరూ అడగరు. గుచ్చి అడగడం మర్యాద కాదనుకుంటారు. ముందు ‘సారీ’, తర్వాత ఈ మాట, చివర మరో రోజు. నిన్న నేను రాసిందీ అంతే: సారీ, ఒక పని పడింది, గురువారం 10 గంటలకు కలుద్దామా? కాసేపట్లోనే సరేనని జవాబు వచ్చింది.

ఒకే మనిషికి వరుసగా రెండోసారి మాత్రం వాడకండి, కలవడం ఇష్టం లేదనుకుంటారు. అప్పుడు అసలు కారణం ఒక్క ముక్క చెప్పాలి. దగ్గరి స్నేహితుల పెళ్లికి ఇది చాలదు. మన బంధువుల దగ్గర అసలే వద్దు, ఏదో దాచామని నొచ్చుకుంటారు.